కనుమనాడు మొదలైన ఏడాది

సంక్రాంతికి కోనసీమ నిండుతుంది. రావులపాలెంలో బస్సు దిగినవాళ్లు కొత్తపేట, అమలాపురం, రాజోలు వైపు సర్దుకుంటారు. మర్నాటి నుంచి అరుగుల మీద కోడిపందేలు, ప్రభల ఎత్తు, కొత్త సినిమాలే కబుర్లు. కొన్నేళ్లుగా వాటి సరసన ఇంకో మాట చేరింది: మన సాత్విక్ ఈ ఏడు ఎలా ఆడతాడు?

అడగడానికి అదే అదును. బ్యాడ్మింటన్‌కు కొత్త ఏడాది జనవరిలోనే మొదలవుతుంది. ముందు మలేసియా ఓపెన్, ఆ వెంటనే ఢిల్లీలో ఇండియా ఓపెన్. అమెరికాలో బేస్‌బాల్ అభిమానులు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఫ్లోరిడా, ఆరిజోనాల్లో జరిగే సన్నాహక మ్యాచ్‌లు చూసి తమ జట్టు జాతకం చెప్పుకుంటారట. అక్కడ ఆ గెలుపోటములు లెక్కలోకి రావు. మన కుర్రాడికి మాత్రం పండగ నెల నుంచే ప్రతి పాయింటూ లెక్కే.

"ఆయ్, వెనకనుంచి వీడు కొడితే ఇంకేటుందండి?"

"కొట్టుడు సరేనండి, ముందు సర్వీసు చూడండి."

ఆ రెండోమాటలో ఆట తెలిసినతనం ఉంది. 2018 నుంచి సర్వీసు చేసేటప్పుడు షటిల్ నేలకు 1.15 మీటర్ల ఎత్తు దాటకూడదన్న నిబంధన వచ్చింది. ఆరడుగులు దాటిన ఆటగాడు ఒళ్లు వంచి, చెయ్యి కుదించి ఆ గీతకు లోబడాలి. సాత్విక్ కొట్టే దెబ్బ ఎలాంటిదో గిన్నిస్ పుస్తకమే చెబుతుంది. 2023 ఏప్రిల్‌లో జపాన్‌లో కొలిచిన అతని స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లు. అంతకుముందు పదేళ్లపాటు 493తో మలేసియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్‌దే రికార్డు.

గోదావరి పాయల మధ్య మనవాళ్లు ఏ కాలంలో ఏ ఆట ఆడారో రాసిపెట్టినవాళ్లు తక్కువ. చాళుక్యులు, రెడ్డిరాజులు చేయించిన దానశాసనాల్లో పొలాల సరిహద్దులు కనిపిస్తాయి గాని చెడుగుడు గిరి కనిపించదు. ఓరుగల్లు వీధుల్లోని కోడిపందేన్ని క్రీడాభిరామం చూపించింది. మన లంకల్లోని పందేలకు అలాంటి కవి దొరకలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాలవలు వచ్చాయి, వరి పండింది. ఆ తర్వాత బళ్లు, వాటి వెనక మైదానాలు, మైదానంలో ఈల మెళ్లో వేసుకున్న డ్రిల్లు మాస్టారు.

ఆ మైదానాల్లో నాకు ఎక్కువ ఇష్టమైన ఆట బాల్ బ్యాడ్మింటన్. తంజావూరులో పుట్టి తెలుగునేల మీద స్థిరపడిన ఆట. జట్టుకు అయిదుగురు, పసుపుపచ్చ ఉన్నిబంతి. 1954లో దానికి జాతీయ సమాఖ్య ఏర్పడింది, 1956లో మొదటి జాతీయ పోటీలు హైదరాబాదులో జరిగాయి. మన గాలికి ఆ ఆటే తగింది. ఈక షటిల్ బరువు అయిదు గ్రాముల చిల్లర, సముద్రపు గాలి దాన్ని ఎటు తోస్తే అటు పోతుంది. ఉన్నిబంతి ముప్ఫై గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, గాలిని చీల్చుకుపోతుంది. పొద్దున్నే మంచులో ఆడితే మాత్రం తడిసి బరువెక్కి బ్యాటుకు దభీమని తగులుతుంది. షటిల్‌కు నాలుగు గోడలూ పైకప్పూ కావాలి. అవి సమకూరేదాకా ఇక్కడ దాని అభిమానులు కొద్దిమందే.

ఆ కొద్దిమందిలో అమలాపురం వ్యాయామోపాధ్యాయుడు రంకిరెడ్డి కాశీ విశ్వనాథ్ ఒకరు. ఆయనా బ్యాడ్మింటన్ ఆటగాడే. 2000 ఆగస్టు 13న పుట్టిన కొడుకు సాత్విక్ సాయిరాజ్‌ను ఈ ఆటలో పెట్టారు. 2014లో ఆ పిల్లవాడు హైదరాబాదులో గోపీచంద్ అకాడమీకి వెళ్లాడు. అతనికి ముంబయి కుర్రాడు చిరాగ్ శెట్టిని జోడీగా కట్టింది మలేసియా కోచ్ టాన్ కిమ్ హెర్. ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరు పొడగరులు. ఇద్దరికీ వెనక నిలబడి బాదడమే ఇష్టం. ముందు ఆడటం ఆయనే నేర్పాడు.

ఇక 2022. అమలాపురం అభిమాని ఎవర్నడిగినా అక్కడే ఆగుతాడు, నేనూ అక్కడే ఆగుతాను.

జనవరి 16, ఆదివారం, కనుమ. జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు కొలువుదీరే రోజు, గంగలకుర్రు ప్రభ కౌశిక కాలవలో దిగి ఒడ్డెక్కే రోజు. ఢిల్లీలో మాత్రం కరోనా వల్ల ప్రేక్షకులే లేని హాలు. నెట్టుకు అవతల ఇండోనేసియా జోడీ అహ్సాన్, సెతియవాన్, మూడుసార్లు ప్రపంచ విజేతలు. మొదటి గేమ్ 21-16. రెండోది 20 దాటి, 22 దాటి, 26-24 దాకా సాగింది. ఇండియా ఓపెన్ మనవాళ్లదైంది. ఆ గెలుపు చూసినవాళ్లకు ఏడాది మీద ఆశ పుట్టింది.

మే 15న ఆ ఆశ పండింది. బ్యాంకాక్‌లో థామస్ కప్ ఫైనల్, ఎదురుగా పద్నాలుగుసార్లు కప్పు గెలిచిన ఇండోనేసియా. లక్ష్య సేన్ మొదటి పాయింటు తెచ్చాడు. తర్వాత సాత్విక్, చిరాగ్. ఎదుట మళ్లీ అహ్సానే, ఈసారి పక్కన కెవిన్ సుకముల్జో. మొదటి గేమ్ 18-21తో పోయింది. రెండోదాంట్లో మ్యాచ్ పాయింట్లు కాచుకుని 23-21, మూడోది 21-19. ఆపైన శ్రీకాంత్ వచ్చి క్రిస్టీని 21-15, 23-21తో ఓడించాడు. 3-0. 1949లో మొదలైన కప్పు తొలిసారి మనకొచ్చింది.

కిదాంబి శ్రీకాంత్ పెరిగింది గుంటూరు వైపు, పుట్టింది మాత్రం రావులపాలెంలో. అంటే ఫైనల్లోని మూడు పాయింట్లలో రెండింటి వెనక గౌతమి, వసిష్ఠల నడుమ పుట్టినవాళ్లున్నారు. అంతకుముందు మలేసియా మీద 3-2, డెన్మార్క్ మీద 3-2 గెలిచినప్పుడూ సాత్విక్ జోడీ, శ్రీకాంత్, ప్రణయ్‌లే మూడేసి పాయింట్లు తెచ్చారు. ఈ లెక్క చెబుతుంటే మా ప్రాంతంలో ఎవరి గొంతైనా కాస్త పెరుగుతుంది. పెరగాలి కూడా.

ఇక్కడి నుంచి కథ వరసలో నడవదు. కప్పు గెలిచిన తొమ్మిదో రోజున, మే 24న, జిల్లా పేరు మార్పు గొడవలో అమలాపురంలో మంటలు చెలరేగాయి, ఇంటర్నెట్ ఆగిపోయింది. ఊరి పేరు దేశమంతా వినిపించింది, ఆట కోసం కాదు. తర్వాతి ఏడాది ఆసియా చాంపియన్‌షిప్, ఇండోనేసియా ఓపెన్, హాంగ్‌జౌలో ఆసియా క్రీడల స్వర్ణం, ప్రపంచ నంబర్ వన్. 2024 జనవరిలో మలేసియాలోనూ ఢిల్లీలోనూ ఫైనల్లో ఓటమి, మార్చిలో పారిస్‌లో టైటిల్, అదే నగరంలో ఆగస్టున ఒలింపిక్ క్వార్టర్స్‌లో మలేసియా జోడీ చియా, సో చేతిలో పరాజయం. 2025 ఫిబ్రవరిలో కాశీ విశ్వనాథ్ కన్నుమూశారు. కొడుకు ఖేల్‌రత్న అందుకోబోతున్న సమయమది. అదే ఏడాది ఆగస్టులో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం, పారిస్‌లోనే.

జనవరి జాతకం ఇప్పుడు ఎవరికీ సరిగ్గా కుదరడం లేదు. అయినా పండగకొచ్చిన మేనల్లుడు ఫోను తెరిచి డ్రా చూపిస్తాడు, మావయ్య కళ్లజోడు సవరించుకుంటాడు. కొరియా జోడీ కిమ్, సియోలు ఏ పక్కన పడ్డారు, చిరాగ్ వెన్ను ఎలా ఉంది, సాత్విక్ భుజం ఎలా ఉంది, మూడో గేమ్‌లో మొదటి పది పాయింట్లలో ముందున్నామా లేదా. నగోయా ఆసియా క్రీడల్లో స్వర్ణం నిలుపుకుంటారా అన్న ప్రశ్న దగ్గర మావయ్య, మేనల్లుడు చెరో పక్క చేరతారు. మావయ్య సర్వీసు గురించే బెంగపడతాడు.