కళాశాల క్రీడాకారుల బీమా

కళాశాల జట్ల తరఫున ఆడే విద్యార్థులకు ఆటలో, సాధనలో, పోటీలకు చేసే ప్రయాణంలో కలిగే గాయాల చికిత్స ఖర్చును, వైకల్యం లేదా మరణం సంభవించినప్పుడు పరిహారాన్ని భరించే ఏర్పాటును కళాశాల క్రీడాకారుల బీమా అంటారు. ఇందులో ఆసుపత్రి ఖర్చు చెల్లించే ఆరోగ్య బీమా, నిర్ణీత మొత్తం చెల్లించే వ్యక్తిగత ప్రమాద బీమా అనే రెండు రకాలు ముఖ్యమైనవి.

భారతదేశంలో 18 ఏళ్లు నిండిన విద్యార్థికి, బ్యాంకు ఖాతా ఉంటే, 2015లో మొదలైన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన అందుబాటులో ఉంది. 2022 జూన్ నుంచి ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో నడుస్తున్న ఈ పథకం ప్రమాద మరణానికి, శాశ్వత సంపూర్ణ వైకల్యానికి 2 లక్షల రూపాయలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి లక్ష రూపాయలు ఇస్తుంది. అయితే ఆసుపత్రి ఖర్చులు దీని పరిధిలోకి రావు కనుక, కబడ్డీలో మోకాలి లిగమెంటు తెగిన విద్యార్థి శస్త్రచికిత్సకు వేరే ఆరోగ్య బీమాపై ఆధారపడవలసి ఉంటుంది.

జాతీయ శిబిరాల్లోనూ, ఖేలో ఇండియా పథకంలోనూ ఉన్న క్రీడాకారులకు 5 లక్షల రూపాయల ఆరోగ్య బీమా, 25 లక్షల రూపాయల ప్రమాద బీమా వర్తించేలా కేంద్ర ప్రభుత్వం 2021లో ఏర్పాటు చేసింది. అమెరికాలో కళాశాల క్రీడలను నిర్వహించే నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్ తీవ్ర గాయాలకు ప్రత్యేక బీమా కల్పిస్తుంది. అందులో 90 వేల డాలర్ల వరకు అయ్యే వైద్య ఖర్చును ముందుగా కుటుంబ బీమా, కళాశాల బీమా వంటివి భరించాలి, ఆపైన అయ్యేది సంఘం బీమా కిందికి వస్తుంది. ఇలా బీమా సంస్థ బాధ్యత మొదలయ్యే ముందు ఇతరులు భరించవలసిన మొత్తాన్ని డిడక్టబుల్ అంటారు.