చరిత్ర, పాలన పాఠాల్లో ఆరు కీలక పదాలు: అర్థం, నేపథ్యం

ప్రపంచ చరిత్ర, పాలనా వ్యవస్థల అధ్యయనంలో కొన్ని పదాలు పదేపదే ఎదురవుతాయి. పైకి ఒకే అర్థం ఉన్నట్టు కనిపించినా, వాటి మధ్య తేడాలు ముఖ్యమైనవి. పోటీ పరీక్షల అభ్యర్థులకూ, పార్లమెంటు చర్చలను అనుసరించే పాఠకులకూ ఉపయోగపడే ఆరు పదాల వివరణ ఇది.

సార్వభౌమత్వం: ఒక భూభాగంలో అంతిమ నిర్ణయాధికారాన్ని సార్వభౌమత్వం అంటారు. ఫ్రెంచి న్యాయవేత్త జాఁ బొదాఁ 1576లో ఈ భావనను సిద్ధాంతంగా వివరించారు. ఆయన దృష్టిలో ఆ అధికారం ప్రధానంగా రాజుది. భారత రాజ్యాంగ పీఠిక ‘భారత ప్రజలమైన మేము’ అన్న భావంతో మొదలై, ఆ అధికారానికి మూలం ప్రజలేనని చాటుతుంది.

గణతంత్రం: దేశాధినేత పదవి వంశపారంపర్యంగా సంక్రమించని వ్యవస్థ గణతంత్రం. ప్రజాస్వామ్యం, గణతంత్రం ఒకటి కావు. బ్రిటన్ ప్రజాస్వామ్య దేశమే అయినా అక్కడ రాచరికం ఉన్నందున అది గణతంత్రం కాదు. 2008లో భారత్ పొరుగున ఉన్న రెండు హిమాలయ దేశాలు రెండు దారులు ఎంచుకున్నాయి. నేపాల్ మే 28న రాచరికాన్ని రద్దు చేసి గణతంత్రమైంది. భూటాన్ అదే ఏడాది జులైలో రాజ్యాంగాన్ని ఆమోదించి, రాజును కొనసాగిస్తూనే ఎన్నికైన ప్రభుత్వానికి పాలనను అప్పగించింది. ఈ రెండో పద్ధతిని రాజ్యాంగబద్ధ రాచరికం అంటారు.

డొమినియన్: స్వయంపాలన ఉన్నా బ్రిటిష్ రాజును లాంఛనప్రాయ అధినేతగా అంగీకరించిన దేశం డొమినియన్. 1947 ఆగస్టు 15 నుంచి 1950 జనవరి 26 వరకు భారత్ ఈ హోదాలోనే ఉంది. పాకిస్థాన్ 1956లో, శ్రీలంక 1972లో గణతంత్రాలయ్యాయి. స్వాతంత్ర్య దినోత్సవాన్నీ గణతంత్ర దినోత్సవాన్నీ వేర్వేరుగా జరుపుకోవడానికి కారణం ఇదే.

సమాఖ్య: కేంద్రం, రాష్ట్రాల మధ్య అధికారాలను రాజ్యాంగమే పంచే వ్యవస్థ సమాఖ్య. భారత్‌లో ఏడో షెడ్యూలు కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి జాబితాల ద్వారా ఈ పంపకం చేసింది. అయితే అన్ని సమాఖ్యలూ ఒకేలా ఉండవు. అమెరికాలో ఒక రాష్ట్రాన్ని విడదీయాలంటే ఆ రాష్ట్ర శాసనసభ సమ్మతి తప్పనిసరి. భారత్‌లో మూడో అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ అభిప్రాయం కోరితే చాలు, తుది నిర్ణయం పార్లమెంటుదే. 2014 జూన్ 2న తెలంగాణ ఈ అధికరణం కిందనే ఏర్పడింది.

నియంతృత్వం: ప్రాచీన రోమ్‌లో ‘డిక్టేటర్’ చట్టబద్ధమైన పదవి. సంక్షోభ వేళల్లో గరిష్ఠంగా ఆరు నెలలకు ఒకరిని నియమించేవారు. క్రీస్తుపూర్వం 44లో జూలియస్ సీజర్ దానిని జీవితకాల పదవిగా పొందడంతో ఆ కాలపరిమితికి అర్థం లేకుండా పోయింది. జర్మనీలో 1933 మార్చి 23న పార్లమెంటు ఆమోదించిన చట్టమే హిట్లర్ ప్రభుత్వానికి పార్లమెంటుతో నిమిత్తం లేకుండా చట్టాలు చేసే అధికారం కట్టబెట్టింది. నియంతృత్వం చట్టం దారిలోనూ రావచ్చని ఈ రెండు ఘటనలు చెబుతున్నాయి.

అత్యవసర పరిస్థితి: అసాధారణ ముప్పు ఎదురైనప్పుడు ప్రభుత్వానికి ప్రత్యేకాధికారాలు కల్పించే రాజ్యాంగ ఏర్పాటు ఇది. 1975 జూన్ 25న 352వ అధికరణం కింద ‘అంతర్గత కల్లోలం’ కారణంగా చూపి దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అది 1977 మార్చి 21 వరకు కొనసాగింది. 1978 నాటి 44వ సవరణ ఆ మాటను తొలగించి ‘సాయుధ తిరుగుబాటు’ అని చేర్చింది. కేంద్ర మంత్రివర్గం లిఖితపూర్వకంగా సిఫారసు చేయాలనే నిబంధన కూడా విధించింది. జీవించే హక్కును ఏ పరిస్థితిలోనూ నిలిపివేయరాదని స్పష్టం చేసింది.

‘కల్లోలం’ అంటే ఏమిటో తేల్చడం ప్రభుత్వ విచక్షణకే మిగిలేది. ‘సాయుధ తిరుగుబాటు’ అనడంతో ఆ విచక్షణకు హద్దు ఏర్పడింది. పాలనా పదాలకు నిర్దిష్టమైన అర్థం ఎందుకు అవసరమో ఈ ఒక్క మార్పు తెలియజేస్తుంది.