అనుమతి ఎంతవరకు?

వైద్య నిర్లక్ష్య వ్యాజ్యాల చరిత్ర గ్రంథాలు తరచు 1957 నాటి ఇంగ్లండు బోలం తీర్పును మూలస్తంభంగా నిలుపుతాయి. బాధ్యత గల తోటి వైద్యులు సమ్మతించే పద్ధతిని పాటించినవాడు దోషి కాడన్నది దాని సారం. అంటే తూకపురాయి వైద్యుల చేతిలోనే ఉన్నది. మనం జహ్రాలో పనిచేస్తున్న ఈ కువైట్‌లోనూ, 2020 నాటి 70వ చట్టం వైద్య దోషాలపై సాంకేతికాభిప్రాయం చెప్పే బాధ్యతను వైద్య బాధ్యతా సంస్థకు అప్పగించింది.

అయితే రోగి దేనికి ఒప్పుకున్నాడన్న ప్రశ్న వేరు. ఆ తేడా తెలియాలంటే హైదరాబాదు నిమ్స్ కేసు తీర్పును చదవాలి.

1990లో ఇరవయ్యేళ్ల ఇంజనీరింగు విద్యార్థి ఒకడు జ్వరంతో నిమ్స్‌కు వెళ్లాడు. ఛాతీలో, వెన్నెముక దాపున కణితి కనబడింది. బయాప్సీకి అనుమతి తీసుకొని, కణితినే తొలగించారు. న్యూరోసర్జన్‌ను పిలవలేదు. అతని కాళ్లు చచ్చుబడ్డాయి.

వైద్యసేవ వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది. 1999లో జాతీయ కమిషన్ పదిహేనున్నర లక్షలు ఇప్పించింది. పరోక్ష సమ్మతి ఉన్నదన్న ఆసుపత్రి వాదనను సుప్రీంకోర్టు 2009 మేలో తోసిపుచ్చి, పరిహారాన్ని కోటి రూపాయలకు పెంచింది. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ తిరస్కారమే. పంతొమ్మిదేళ్ల జాప్యానికి మాత్రం ఏ సమర్థనా కనబడదు. అక్కడ తన వాదన తానే, చక్రాల కుర్చీలో కూర్చొని, వినిపించుకున్నాడా యువకుడు.