అక్షయ తృతీయకి బంగారం కొనడం ఎంత పాత ఆచారం?

వైశాఖం వచ్చిందంటే చాలు, ఫోన్ తెరిస్తే ఒకటే మోత. "ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల లోపు బంగారం కొంటే ఏడాదంతా లక్ష్మి మీ ఇంట్లోనే!" కొనే స్తోమత లేనివాళ్లకి లోపల ఏదో గుబులు. కొందరైతే క్రెడిట్ కార్డు గీకి మరీ ఒక గ్రాము తెచ్చుకుంటారు. అందుకే ఈ ఎపిసోడ్‌లో ఒకటే ప్రశ్న. అసలు ఈ ముహూర్తం ఎక్కడి నుంచి వచ్చింది?

ముందు పాత పుస్తకాల దగ్గరికి వెళ్దాం. 1600 ప్రాంతంలో కాశీలో రామ దైవజ్ఞుడు ముహూర్త చింతామణి అనే గ్రంథం రాశాడు. ముహూర్తాలు పెట్టేవాళ్లు ఇప్పటికీ దాన్ని తిరగేస్తారు. అందులో బంగారం మాట ఉంది. కాకపోతే అది ఒంటి మీద వేసుకోవడం గురించి. పగడం, దంతం, శంఖం, బట్టలు, బంగారం, ఇవన్నీ కలిపి ఒకే చోట చెప్పి, కొత్తగా ధరించడానికి అశ్విని, పునర్వసు, పుష్యమి, హస్త, రేవతి లాంటి నక్షత్రాలు మంచివన్నాడు. అంటే కొత్త చొక్కాకీ కొత్త గొలుసుకీ ఒకటే రూలు.

ఇక కొనుగోళ్ల సంగతి వేరేగా ఉంది. కొనడానికి కొన్ని నక్షత్రాలు, అమ్మడానికి ఇంకొన్ని. కొనడానికి మంచిదైన నక్షత్రంలో అమ్మడం మంచిది కాదని కూడా అందులోనే ఉంది. ఆ లెక్కన మనకి దివ్యమైన ముహూర్తమైతే, కౌంటర్ అవతల ఉన్న షాపాయనకి అది చెడ్డ ముహూర్తం. ఆయన ఆ రోజు షట్టర్ దించుకోవాలి. ఆయనేమో తెల్లారకముందే తీసి, అర్ధరాత్రి దాకా అమ్ముతున్నాడు!

సరే, మరి అక్షయ తృతీయ? అది వైశాఖ శుద్ధ తదియ. క్షయం లేనిది అక్షయం, అంటే తరగనిది. ఏది తరగదు అన్నదే ఇక్కడ అసలు పాయింట్. 18వ శతాబ్దం చివర్లో కాశీనాథ ఉపాధ్యాయుడు రాసిన ధర్మసింధు చూడండి. ఈ రోజుకి చెప్పిన పనులు స్నానం, జపం, హోమం, పితృ తర్పణం, దానం. ముఖ్యంగా నీళ్లు నింపిన కుండ దానం. ఎందుకో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏప్రిల్ చివరో మే మొదట్లోనో వచ్చే పండగ. బయట ఎండ మండిపోతూ ఉంటుంది. అందుకే గొడుగు, చెప్పులు, విసనకర్ర, మజ్జిగ, పెరుగన్నం ఇస్తారు. ఆ రోజు ఇచ్చినదాని ఫలం తరగదు అని నమ్మకం.

మిగతా చోట్ల కూడా చూడండి. మన సింహాచలంలో అప్పన్న స్వామి చందనం పూత తీసి నిజరూప దర్శనం ఇచ్చేది ఈ రోజే. పూరీలో జగన్నాథుడి రథాలు చెక్కడం మొదలయ్యేది ఈ రోజే. జైనులకైతే, ఏడాది పైగా ఉపవాసం ఉన్న ఋషభదేవుడికి శ్రేయాంసుడు చెరకు రసం ఇచ్చిన రోజు ఇది. అది కూడా ఇవ్వడమే. దశదానాల్లో హిరణ్యం, అంటే బంగారం, ఒకటి. అక్కడ కూడా అది చేతిలోంచి వెళ్లేదే.

తెలంగాణ వాళ్లకి ఈ మాట ఇంకా బాగా తెలుసు. దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి "బంగారం" అని, అలాయ్ బలాయ్ తీసుకుంటారు. దీనికి చెప్పే కథకి మూలం కాళిదాసు రఘువంశంలో ఉంది. కౌత్సుడికి గురుదక్షిణ కోసం 14 కోట్లు కావాలి. రఘు మహారాజు కోశంలో కుబేరుడు బంగారు వాన కురిపించాడు. మొత్తం తీసుకోమని రాజు, నాకు కావాల్సిందే చాలని కౌత్సుడు! ఇద్దరిలో ఎవరికీ మిగులు బంగారం వద్దు.

ఇప్పుడు చరిత్రలో మలుపు. చైనా యుద్ధం తర్వాత, 1963 జనవరిలో ప్రభుత్వం బంగారు నియంత్రణ తెచ్చింది. అప్పటి ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్. 14 క్యారెట్లు దాటి కొత్త నగ చేయకూడదు. మన నగలేమో 22 క్యారెట్లు. ఎంతోమంది స్వర్ణకారుల బతుకు రోడ్డున పడింది. 1966లో ఆ క్యారెట్ల రూలు తీసేశారు గానీ, 1968లో బంగారు నియంత్రణ చట్టం వచ్చింది. మామూలు మనిషి ఇంట్లో బంగారు బిస్కెట్ ఉంటే నేరం. 70ల్లో, 80ల్లో సినిమా విలన్లు సూట్‌కేసుల నిండా బిస్కెట్లతో ఎందుకు తిరిగేవారో ఇప్పుడు అర్థమైందా?

ఆ చట్టం 1990లో రద్దయింది. 1992లో ప్రవాస భారతీయులు 5 కిలోల దాకా తెచ్చుకోవచ్చన్నారు. 1997లో బ్యాంకులకి దిగుమతి అనుమతి ఇచ్చారు. సరుకు వచ్చింది, పెద్ద షోరూములు వచ్చాయి, టీవీ ప్రకటనలు వచ్చాయి. అమ్మకానికి ఒక తేదీ కావాలి. పంచాంగంలో "తరగదు" అనే పేరుతో ఒక తేదీ రెడీగా ఉంది! బంగారాన్ని శుభంగా చూడటం పాతదే. కానీ అక్షయ తృతీయ నాడు యాప్‌లో బిస్కెట్ ఆర్డర్ పెట్టే ఈ హడావుడి 1990 తర్వాతి లోకం. మన అమ్మమ్మల కాలంలో బంగారానికి ముహూర్తం రెండే. పంట చేతికొచ్చినప్పుడు, ఇంట్లో పెళ్లి కుదిరినప్పుడు.

చివరగా చిన్న లెక్క. 10 గ్రాముల గొలుసు, తరుగు 12 శాతం అనుకుందాం. 11.2 గ్రాముల డబ్బు కట్టాలి. దాని మీద 3 శాతం జీఎస్టీ. మొత్తం దాదాపు పదకొండున్నర గ్రాముల డబ్బు. చేతికొచ్చేది 10 గ్రాములే. అంటే అక్షయ తృతీయ నాడే గ్రామున్నర క్షయం! అదే అప్పు చేసి కొంటే, తరగనిది వడ్డీ ఒక్కటే.

బంగారం కొనొద్దని నేను అనట్లేదు. ఎన్నో ఇళ్లలో ఆడవాళ్ల చేతిలో ఉన్న ఆస్తి అదొక్కటే. కష్టమొస్తే ఆదుకునేది కూడా అదే. డబ్బులున్నప్పుడు, అవసరమున్నప్పుడు కొనండి. హాల్‌మార్క్ గుర్తు, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ చూసి మరీ కొనండి. కొనలేకపోతే మాత్రం ఆ రోజు తలదించుకోకండి. వీధి చివర ఒక నీళ్ల కుండ పెట్టండి. పుస్తకంలో ఉన్నది అదే.

మీ అమ్మమ్మనో నానమ్మనో అడగండి, వాళ్ల మొదటి నగ ఎప్పుడు, ఏ డబ్బుతో చేయించారని. ఆ జవాబు కామెంట్లలో రాయండి. అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి!