ఒకే చెట్టు, రెండు దేశాలు

"అడవి విస్తీర్ణం పెరిగింది" అనే వాక్యం పాఠంలో వచ్చినప్పుడల్లా నేను పిల్లల్ని ఒక ప్రశ్న అడుగుతాను. మొలిచిన అడవా, నాటిన అడవా? జామాయిల్ తోటల పక్కన పెరిగిన మన పిల్లలకు ఆ తేడా వేరే చెప్పనక్కర్లేదు. ఆ తోటల్లో ఇప్పపువ్వు రాలదు, తునికాకు దొరకదు. ప్రభుత్వ లెక్కల్లో మాత్రం రెండూ అడవి కిందికే వస్తాయి. నాటిన అడవి వెనుక ఏముంటుందో తెలియాలంటే న్యూజిలాండ్, చిలీ దేశాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

రెండు చోట్లా ఎక్కువగా నాటింది ఒకే చెట్టు, రేడియాటా పైన్. దాని పుట్టిల్లు అమెరికాలోని కాలిఫోర్నియా తీరం. రెండు చోట్లా ఆ నేల ముందు ఆదివాసులదే. న్యూజిలాండ్‌లో మావోరీలు, చిలీలో మపూచేలు. మపూచేల భాషలో మపు అంటే నేల, చే అంటే మనుషులు.

న్యూజిలాండ్‌లో సహజమైన అడవిని నరికి కలప తరిగిపోయాక, 1920లలో పైన్ నాటడం ఊపందుకుంది. ఆర్థిక మాంద్యంలో పని లేని కూలీల చేత ప్రభుత్వం మొక్కలు నాటించింది. 1930ల మధ్యకే సుమారు 3 లక్షల హెక్టార్లయింది. 1960ల నుంచి మళ్లీ జోరుగా నాటారు. ఇప్పుడు సుమారు 17 లక్షల హెక్టార్లుంది.

చిలీలో 1970ల మొదట్లో నాటిన అడవి 5 లక్షల హెక్టార్ల లోపే. అంతకుముందు భూసంస్కరణల్లో మపూచేలకు కొన్ని భూములు తిరిగి దక్కాయి. 1973 సెప్టెంబరు 11న సైన్యం అధికారం లాక్కుంది. ఆ భూముల్లో చాలా వరకు మళ్లీ చేజారాయి. 1974లో 701వ నంబరు శాసనం వచ్చింది. మొక్కలు నాటే ఖర్చులో 75 శాతం ప్రభుత్వమే ఇస్తుందని దాని సారం. పైన్, నీలగిరి తోటలు 20 లక్షల హెక్టార్లు దాటాయి. మపూచే ఊళ్ల చుట్టూ తోటలు అలుముకున్నాయి. వాగులు ఎండి, వేసవిలో ట్యాంకర్ల నీటికి ఎదురుచూసే ఊళ్లు ఎన్నో. 2017 జనవరిలో తోటల మధ్య ఉన్న శాంతా ఓల్గా అనే ఊరు మంటల్లో కాలిపోయింది.

అంకెలు మాత్రమే చూస్తే రెండు దేశాలూ అడవిని పెంచాయి. తేడా నేల దగ్గర వచ్చింది. 1980లలో న్యూజిలాండ్ ప్రభుత్వం తన తోటలను అమ్మబోతే, 1840 నాటి వైతంగి ఒప్పందాన్ని చూపి మావోరీలు కోర్టుకెక్కారు. ఫలితంగా 1989లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం కంపెనీలకు చెట్లు అమ్మవచ్చు, వాటి కింది నేలను అమ్మకూడదు. నేల అద్దె ఒక ట్రస్టులో జమవుతుంది. హక్కు తేలినప్పుడు నేలా, ఆ అద్దె సొమ్మూ మావోరీలకే చెందాలి. 2008లో కుదిరిన ఒప్పందంతో 1 లక్షా 76 వేల హెక్టార్ల తోటల నేల మావోరీ తెగల చేతికి వచ్చింది.

అక్కడ అన్నీ బాగున్నాయని కాదు. 2023 ఫిబ్రవరి తుపానులో నరికి వదిలేసిన పైన్ దుంగలు, కొమ్మలు వరదలో కొట్టుకొచ్చి మావోరీల ఊళ్లనూ ముంచాయి. చిలీలో కూడా 1993 నాటి చట్టంతో మపూచేల కోసం ప్రభుత్వం కొంత భూమి కొని ఇస్తోంది. కానీ ఒకప్పుడు తమదైన నేలను సొమ్ము పెట్టి కొంటే తప్ప తిరిగి రాని పరిస్థితి అక్కడిది.

మన దగ్గర 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. హక్కుల దరఖాస్తు మొదలయ్యేది గ్రామసభలోనే. అందుకే మీ ఊరి పోడు భూమిలో మొక్కలు నాటడానికి గుంతలు తవ్వుతుంటే, ఎన్ని మొక్కలు అని లెక్కపెట్టడంతో ఆగకండి. ఆ నేల మీద ఎవరి దరఖాస్తు పెండింగ్‌లో ఉంది? గ్రామసభ తీర్మానం ఏది? ఈ రెండూ అడిగి, జవాబు రాసి పెట్టుకోండి. టీచర్లు పిల్లల చేత ఆ లెక్క కట్టిస్తే, అదే మన ఊరి అడవి చరిత్రలో మొదటి పేజీ అవుతుంది.