ల్యూతియే: ఊదుబత్తికి దూరపు చుట్టం

వయొలిన్ చేసేవాణ్ణి ఫ్రెంచివాళ్ళు ల్యూతియే అంటారు. అతను చెల్లో చేసినా ల్యూతియేనే, గిటారు చేసినా ల్యూతియేనే. ఇంగ్లీషువాళ్ళు ఈ మాటను అరువు తెచ్చుకుని లూథియర్ అని పలుకుతున్నారు. ఇటలీలో అతని పేరు లియుతాయో, అతని విద్య పేరు లియుతేరియా. ఈ మాటల్ని ఏ కీలు దగ్గర విడదీసినా లోపల వయొలిన్ దొరకదు. దొరికేది ల్యూట్. సగం కోసిన బొప్పాయిలాంటి బొజ్జ, బిరడల దగ్గర వెనక్కి విరిగిన మెడ ఉన్న పాత మీటువాద్యం అది.

అంటే ల్యూతియే అంటే ల్యూట్లు చేసేవాడు. కానీ ల్యూటు ముఖం చూడకుండానే తరాల తరబడి ల్యూతియేలు పుట్టారు, పోయారు.

మనం నవ్వబోయే ముందు మన వంటింట్లోకి ఒకసారి తొంగిచూడాలి. నువ్వుల నెయ్యి నూనె. నువ్వుకు పాత రూపమైన ‘నూ’, దాని పక్కన నెయ్యి చేరి పుట్టిన మాట. నువ్వులు పోయాయి, నూనె మిగిలింది. వేరుశనగ నూనె అన్నాం, కొబ్బరినూనె అన్నాం, పొద్దుతిరుగుడు నూనె అన్నాం. సంస్కృతంలోనూ అదే కథ: తిలల నుంచి వచ్చింది కనుక తైలం. ఇప్పుడు అసలైనది కావాలంటే కొట్టుకు వెళ్ళి ‘నువ్వుల నూనె’ అని నువ్వుల్ని రెండుసార్లు అడగాలి. ఐరోపాలో పాత వాద్యాలు వాయించేవాళ్ళ పరిస్థితీ ఇదే. ‘ల్యూట్లు చేసే ల్యూతియే’ ఎక్కడున్నాడని వాళ్ళు వెతుక్కోవాలి.

ఇక ల్యూటు సంగతి. దాని పుట్టిల్లు అరబ్బీ. అల్ ఊద్ అన్నది అసలు మాట. ‘అల్’ అరబ్బీలో నామవాచకానికి ముందు తగిలించే చిన్న గుర్తు, ‘ఊద్’ అసలు పేరు. స్పెయిన్ దారిన ఐరోపా చేరేసరికి ఆ గుర్తు పేరుకు అతుక్కుపోయింది. పోర్చుగీసువాళ్ళు మొత్తం ఉంచుకుని అలావూద్ అన్నారు. స్పానిష్‌లో అకారం రాలి లావూద్ అయింది. ఇటలీలో లియుతో, ఫ్రాన్స్‌లో ల్యూత్, జర్మనీలో లౌటె. ఇన్ని రూపాల్లోనూ మొదటి లకారం అరబ్బీ వ్యాకరణం వదిలివెళ్ళిన ముక్క. అసలు పేరు మొదట్లో గొంతు లోతుల్లోంచి పలికే ఐన్ అనే హల్లు ఒకటుంది. ఐరోపా గొంతుకు అది పట్టలేదు, దారిలోనే జారిపోయింది.

జర్మన్ లౌటె విషయంలో ఒక చిన్న వేళాకోళం ఉంది. ఆ భాషలో ‘లౌట్’ అంటే బిగ్గరగా అని అర్థం. ఈ రెండు మాటలకూ చుట్టరికం లేదు. బిగ్గరదనానికి లౌటెకు అసలే పొసగదు. పక్క గదిలో ఎవరైనా దగ్గితే వినపడకుండా పోయేంత మెత్తని వాద్యం అది.

ఊద్ అంటే కర్ర. వట్టి కర్ర. ఒక వాద్యానికి ఇంత సాదా పేరు ఎందుకు పెట్టారంటే, తోలు బిగించిన పాత వాద్యాలకు భిన్నంగా దీని పైభాగం చెక్కతో చేసింది కాబట్టి అన్నది ఎక్కువమంది చెప్పే కారణం. కాదు, తీగ అనే అర్థం ఉన్న పారసీ ‘రూద్’ దీనికి మూలమని వాదించేవాళ్ళూ ఉన్నారు. నా మొగ్గు కర్ర వైపే. అలా పేరు పెట్టడం మనకూ కొత్త కాదు గనుక. నారదీయ శిక్ష వీణల్ని రెండుగా విడదీసి, గొంతు ఉన్న మనిషి దేహాన్ని గాత్రవీణ అంది, చేతితో వాయించేదాన్ని దారవి అంది. దారువు అంటే కర్ర, దారవి అంటే కర్రది. అరబ్బులు అల్ ఊద్ అన్నదీ అదే.

దారువు దగ్గర ఇంకొక్క నిమిషం ఆగాలి. ఇంగ్లీషులో చెట్టును చెప్పే ట్రీ దానికి సోదరి. మన దేవదారులో ఉన్నది ఆ దారువే. ల్యూట్లకూ వయొలిన్లకూ పైచెక్కగా వాడే స్ప్రూస్, దేవదారు వృక్షశాస్త్రంలో ఒకే కుటుంబానివి.

ఊద్‌కే అరబ్బీలో ఇంకో అర్థం కూడా ఉంది: సువాసన కర్ర, మన అగరు. ఆ ఊద్ పారసీ మీదుగా, ఉర్దూ మీదుగా మన ఊళ్ళలోకి వచ్చింది. తెలంగాణ పల్లెల్లో పీర్ల ముందు ఊదు వేస్తారు. దేవుడి గూట్లో వెలిగించేది ఊదుబత్తి. దాన్ని నోటితో ఊది ఆర్పుతాం గనుక ఊదుబత్తి అయిందని పిల్లలు అనుకుంటారు. పెద్దలూ కొందరు అనుకుంటారు. ఆ ఊదుకూ ఈ ఊదుకూ సంబంధం లేదు. ఇప్పుడు పాకెట్లలో అమ్మే ఊదుబత్తుల్లో చాలావాటిలో ఊదు కూడా లేదు. బొగ్గుపొడి, రంపపుపొట్టు, అత్తరు నూనె ఉంటాయి. (ఇక్కడ మళ్ళీ నూనె!) సరుకు పోయి పేరు నిలిచిన మాటల్లో ఇదీ ఒకటి. ల్యూతియే, ఊదుబత్తి ఒక్క కర్రకు పుట్టిన మాటలు. ఒకటి పడమటికి వెళ్ళి వయొలిన్ల దుకాణం పెట్టుకుంది, ఒకటి తూర్పుకు వచ్చి పూజగదిలో కూర్చుంది.

వయొలిన్ చేసేవాడికి ల్యూట్ పేరే ఎందుకు దక్కింది? అప్పట్లో పరువు దానిదే గనుక. బవేరియాలోని ఫ్యూసెన్ పట్టణంలో ల్యూట్లు చేసేవాళ్ళు 1562లో ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ పనివాళ్ళ సంఘాల్లో ఐరోపాలో అదే మొదటిది. అక్కడి కుటుంబాలు ఆల్ప్స్ దాటి వెనిస్, పాదువా వంటి ఊళ్ళలో దుకాణాలు తెరిచాయి. బొలోన్యాలో లావుక్స్ మాలర్ అనే ల్యూట్ మేస్త్రి 1552లో చనిపోయాక సరుకు లెక్క తీస్తే వెయ్యికి పైగా ల్యూట్లు తేలాయి. అతనిది కుటీర పరిశ్రమ అనడానికి నోరు రాదు.

రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా ధర నిలిచే ఉంది. 1750లో స్వరకర్త బాఖ్ చనిపోయినప్పుడు రాసిన ఆస్తి జాబితాలో వాద్యాలకు విలువ కట్టారు. టిరోల్ మేస్త్రి యాకోబ్ స్టైనర్ పేరున్న వయొలిన్ 8 టాలర్లు. ఆ రోజుల్లో స్టైనర్ అంటే జర్మన్ దేశాల్లో ఎంతో గొప్ప పేరు. దాని పక్కనే ఉన్న ల్యూట్ విలువ 21 టాలర్లు. ఈ ఒక్క జాబితా చాలు, ల్యూతియేను ‘వయొలినియే’ అని ఎందుకు పిలవలేదో తెలియడానికి.

ఆ తర్వాత ల్యూటు కాలం ముగిసింది. పెద్ద హాళ్ళు వచ్చాయి, మెత్తని గొంతు పనికిరాలేదు. పేరు మాత్రం దుకాణం బోర్డు మీద ఉండిపోయింది.

అదే సమయంలో వయొలిన్ కూడా మారింది. ఈ ముక్క చాలామందికి తెలియదు. స్ట్రాదివారి 1700 ప్రాంతంలో క్రెమోనాలో చేసిన వయొలిన్‌కు మెడ దాదాపు సూటిగా ఉండేది, లోపలి దిమ్మకు మేకులతో కొట్టి ఉండేది. లోపల బిగించిన బాస్ బార్ అనే కర్ర పొట్టిగా, సన్నగా ఉండేది. తీగలు గొర్రె పేగులవి. హాలు చివరి వరుసకు వినపడాలని పందొమ్మిదో శతాబ్దంలో ఆ మెడలు కోసి, వెనక్కి వంచి, పొడవు చేసి, దిమ్మలో కుసి తీసి దిగేశారు. లోపలి కర్ర లావుది పెట్టారు. కొత్త బిగువుకు తట్టుకోవాలి మరి. ఇవాళ వేదికల మీద మెరిసే స్ట్రాదివారి వయొలిన్లకు పెట్టె ఆయనది, మెడ ఇంకొకరిది. మెడతో సహా పుట్టినప్పటి రూపంలో మిగిలినదని చెప్పుకునేది ఫ్లారెన్స్‌లో ఉన్న 1690 నాటి మెదిచీ వయోలా ఒక్కటే.

అందుకే ఇవాళ బాఖ్‌ను బాఖ్ కాలపు గొంతుతో వాయించాలనుకునే కళాకారుడు పాత వయొలిన్ కొనుక్కుంటే పని జరగదు, కొత్తది చేయించుకోవాలి. ఈ ఏడు చేసిన వయొలిన్ 1700 నాటి వయొలిన్ కన్నా 1700కు దగ్గరగా ఉంటుంది. దాన్ని బరోక్ వయొలిన్ అంటారు. స్ట్రాదివారికి ఆ పేరు చెబితే బిక్కమొహం వేసేవాడు. పోర్చుగీసులో బర్రోకు అంటే వంకర ముత్యం. 1730లలో ఫ్రెంచి స్వరకర్త రామో సంగీతం మీద విసురుగా ఆ మాట వాడారు. తిట్టు చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కి ఒక యుగానికి పేరయింది, ఆపైన వయొలిన్‌కు విశేషణమయింది.

ల్యూతియే మళ్ళీ ల్యూట్లు చేయడం మొదలుపెట్టిన కథలో ముందు చెప్పుకోవలసిన పేరు ఆర్నాల్డ్ డాల్మెట్ష్ (1858–1940). ఫ్రాన్స్‌లో వాద్యాలు చేసే ఇంట పుట్టి ఇంగ్లండులో స్థిరపడ్డాడు. 1893లో తన మొదటి ల్యూటు చేశాడు. తర్వాత వయోల్‌లు, హార్ప్సికార్డులు, రికార్డర్లు చేశాడు. తానే చేసి, తానే వాయించి, ఇంటిల్లిపాదికీ నేర్పి హేజిల్‌మియర్‌లో 1925 నుంచి ఉత్సవం నడిపాడు. పేరు ఒకచోట, పని ఒకచోట ఉండగా పనిని లాక్కొచ్చి పేరు పక్కన కూర్చోబెట్టినవాడు ఆయన. భాషలో ఇలా జరగడం అరుదు. సాధారణంగా మనం పేరునే సాగదీసి పనికి కప్పుతాం.

ఇంకో మాట కూడా ఈ దుకాణాల్లోనే తన అర్థానికి తిరిగి వచ్చింది. వయొలిన్ వాయించే పుల్లను మనం కమాను అంటాం. పారసీలో కమాన్ అంటే విల్లు. ఇరాన్ వాద్యం కమాంచె పేరుకు ‘చిన్న విల్లు’ అని అర్థం. ఫ్రెంచి ఆర్షే, ఇటాలియన్ ఆర్కో కూడా విల్లులే. కానీ ఇప్పటి కమాను విల్లులా ఉండదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో పారిస్‌లో ఫ్రాన్స్వా తూర్త్ స్థిరపరచిన రూపంలో పుల్ల వెంట్రుకల వైపే లోపలికి వంగి ఉంటుంది. ఆ విల్లుతో బాణం వేస్తే ఎటు పోతుందో చెప్పలేం. పాత కమాను బయటికి వంగి ఉండేది, లేదా దాదాపు సూటిగా ఉండేది. బరోక్ కమాను చేయించుకున్నవాడి చేతిలోనే ఆ మాట నిజమవుతుంది.

చెల్లో పేరు దగ్గర మాత్రం ఎవరూ ఏమీ సరిదిద్దలేరు. వయోలాకు పెద్ద అని సూచించే ప్రత్యయం తగిలిస్తే వయొలోనె. దానికి చిన్న అని సూచించే ప్రత్యయం తగిలిస్తే వయొలోన్‌చెల్లో, అంటే చిన్న పెద్ద వయోలా. అది నోటికి పొడవైందని ముందు భాగం తీసేశారు. వాద్యం పేరు పోయింది, పెద్దరికం పోయింది, చిన్నతనం సూచించే తోక మిగిలింది. మోకాళ్ళ మధ్య పెట్టుకోవలసినంత వాద్యాన్ని లోకమంతా తోకతో పిలుస్తోంది.

ఇవాళ్టి ల్యూతియే దగ్గరికి కళాకారుడు వెళితే మొదట వచ్చే ప్రశ్న శ్రుతి.  వాళ్ళు ‘ఏ’ (A) అనే స్వరాన్ని సెకనుకు ఎన్ని కంపనాల దగ్గర పెట్టాలో చూసుకుంటారు. ఇప్పటి ప్రమాణం 440. బరోక్ బృందాలు 415 వాడతాయి. ఫ్రెంచి సంగీతానికైతే 392 అనేవాళ్ళున్నారు. నిజానికి ఆ కాలంలో ఊరికో శ్రుతి. 415ను ఇరవయ్యో శతాబ్దం వాళ్ళు సర్దుబాటుగా పెట్టుకున్నారు. అది 440కి సరిగ్గా ఒక అర్ధస్వరం కింద ఉంటుంది, హార్ప్సికార్డు మెట్లను ఒక గడి జరిపితే చాలు. ఈ అంకె తేలితేగానీ తీగ పొడవు తేలదు, తీగ పొడవు తేలితేగానీ అచ్చు తేలదు.

తర్వాత తీగ. గ్రీకులో ఖోర్దె అంటే పేగు. తీగవాద్యాల పడమటి పరిభాషలో సగం అందులోంచే వచ్చింది: ఫ్రెంచి కోర్ద్, ఇటాలియన్ కోర్దా. తమిళులు యాళ్ అనే తమ పాత వాద్యం తీగను నరంబు అన్నారు, మన నరానికి అది తోడబుట్టినది. తీగ అన్న మన మాట మాత్రం తోటలోంచి వచ్చింది, మల్లెతీగ, సొరతీగ అన్నప్పటి తీగే. పేగు ఉక్కపోతలోనూ చలిగదిలోనూ శ్రుతి తప్పుతుంది, కచేరీ మధ్యలో తెగుతుంది. విమానాల్లో తిరిగే కళాకారులకు ఇది పెద్ద బాధ. అందుకని ఇటలీలో ఒక కృత్రిమ తీగ కనిపెట్టి నైల్‌గట్ అని పేరు పెట్టారు. ప్లాస్టిక్ అయినా గట్ అనే పేగును పేరులోంచి వదల్లేదు చూడండి.

అతికించడానికి మాత్రం ఇప్పటికీ సరేసే. జంతు చర్మం ఉడికించి తీసే ఆ జిగురు వేడికీ తడికీ వదులుతుంది, కాబట్టి వాద్యాన్ని విప్పి బాగుచేసుకోవచ్చు. ఊడదీయడానికి వీలుగా అతికించడం ఈ విద్యలో నాకు అన్నిటికన్నా నచ్చిన తెలివి. ఊడదీశారు కూడా. మాలర్ ల్యూట్లను పదిహేడో శతాబ్దపు ఫ్రెంచివాళ్ళు ఎగబడి కొని, పాత మెడలు తీసేసి, తీగలు పెంచి, తమ కాలానికి తగ్గ వెడల్పు మెడలు వేయించుకున్నారు. పందొమ్మిదో శతాబ్దం స్ట్రాదివారికి చేసిన ‘ద్రోహం’ బరోక్ కాలమే మాలర్‌కు ముందుగా చేసి చూపింది. అలాంటప్పుడు ఒక ల్యూతియే ‘మాలర్ నమూనా’ అని బోర్డు పెడితే, మాలర్ చేసినదా, పారిస్ మార్చినదా అని కొనేవాడు అడిగి తెలుసుకోవాలి. రెండూ సరైన వాద్యాలే, వాయించే సంగీతం వేరు.

చివరికి వాద్యం లోపల అంటించే చీటీ. స్ట్రాదివారి లాటిన్‌లో తన పేరు, ఊరి పేరు రాసి ‘ఫాకియేబాత్’ అని వేసేవాడు. ‘ఫేకిత్’ అంటే చేశాడు. ఫాకియేబాత్ అంటే చేస్తూ ఉండెను, అసంపూర్ణ భూతకాలం. గొప్ప గ్రీకు కళాకారులు తమ పనుల మీద ఇలాగే రాసేవారని, పని ఇంకా ముగియలేదన్న వినయం అందులో ఉందని రోమన్ రచయిత ప్లినీ చెప్పాడు. ఈనాటి ల్యూతియేల్లో ఫేకిత్ అని రాసేవాళ్ళు ఉన్నారు, ఏమీ రాయకుండా పేరూ సంవత్సరమూ వేసేవాళ్ళు ఉన్నారు. మూడు వందల ఏళ్ళ కిందటి మేస్త్రి కొలతలతో, రెండు తరాల కిందట స్థిరపడ్డ శ్రుతికి, ఇవాళ్టి తీగలు కట్టి ఇచ్చే వాద్యం మీద నేనైతే ఫాకియేబాత్ అనే రాయమంటాను. క్రియకు కర్త ఎవరో లాటిన్ వ్యాకరణవేత్తలు తేల్చుకుంటారు.