తుప్పు క్రింద చరిత్ర: కోటిపల్లి పట్టాలు, బొమ్మ రైళ్లు

కాకినాడనుండి కరప, రామచంద్రపురము, ద్రాక్షారామముల మీదుగా గౌతమీతీరమందలి కోటిపల్లివఱకు 1928లో వేయబడిన రైలుమార్గము, పండ్రెండేండ్లు గడచునంతలోనే, 1940లో రెండవ ప్రపంచయుద్ధపు అక్కఱలకై పెఱికివేయబడెను. గౌతమీ వసిష్ఠల నడుమ, దక్షిణమున సముద్రమే ఎల్లగా వెలసిన కోనసీమకు తనదైన ఇనుపదారి అంతకుమున్ను లేదు. నది దాటి కోటిపల్లిలో రైలెక్కెడు సౌకర్యమైనను ఆ యుద్ధముతో అంతరించినది.

ఆ యుద్ధమే బాలుర పట్టాలనుగూడ విడిచిపెట్టలేదు. జర్మనీదేశపు మార్క్‌లిన్ సంస్థ 1891లో లైప్జిగ్ సంతయందు, పట్టాల వెడల్పునకు నియతమైన కొలతలు నిర్ణయించి బొమ్మ రైళ్లను ప్రదర్శించిననాటినుండి ఈ క్రీడకు ఒక శాస్త్రమర్యాద ఏర్పడినది. 1920లో లివర్పూలు నగరమున ఫ్రాంక్ హార్న్‌బీ, 32 మిల్లీమీటర్ల వెడల్పుగల పట్టాలపై తాళపుచెవి త్రిప్పగా పరుగిడు రేకు రైళ్లను వెలువరించి, వానిని సామాన్య గృహములకు చేరువ చేసెను. 1942లో అమెరికాయందలి లయొనెల్ కర్మాగారము బొమ్మల తయారీని మాని యుద్ధోపకరణములకు మఱలినది. బ్రిటనులోను లోహపు ఆటవస్తువుల ఉత్పత్తికి అడ్డుకట్ట పడినది. కోటిపల్లి పట్టాలను పెఱికిన ఇనుప కఱవే బాలుర చేతినుండి రైలింజనును లాగికొన్నది. కావున ఆనాటి బొమ్మ రైలు ఏ పాతయింటి అటకమీదనైనను తుప్పుపట్టి కనబడినచో, దానిని ఒక చారిత్రక పత్రముగా భావించి చేతబట్టుట మన విధి.

పత్రమును బాగుచేయువాడు అక్షరములను చెఱుపడు. పునరుద్ధరణకు మూలసూత్రమిదియే. నాటి రేకు రైళ్లు ఉక్కురేకుపై పలుచని తగరపు పూత పూసి, దానిపై రంగులు అచ్చొత్తి చేయబడినవి. పూత గీచుకొనిపోయిన చోటనే తుప్పు ప్రవేశించును. ఉప్పుగాలియు, కాలువల తేమయు ఎడతెగని మన సీమలో అది మఱింత వేగముగ ప్రాకును. గరుకు కాగితముతో రుద్దినచో తుప్పుతోపాటు రంగును, ఆ రంగుతోపాటు తయారైన కాలపు గుర్తులును నశించును. అందువలన మొదట ప్రతి భాగమునకు ఛాయాచిత్రము తీసికొని, మరలను వరుస తప్పకుండ విప్పి, బిగిసినవానిని పలుచని యంత్రతైలములో నాననిచ్చి, మెత్తని ఇత్తడి కుంచెతో ఓపికగా తోమవలెను. నీరు సోకిన భాగమును వెంటనే ఆరబెట్టవలెను. చుట్టుకొనియున్న స్ప్రింగును అజాగ్రత్తగా విప్పుట ప్రమాదకరము. జింకు మిశ్రమపు చక్రములు పగిలి పొడియగుచున్నచో, అది తుప్పు కాదు, పోతలో కలిసిన సీసపు మాలిన్యముచేత లోలోపల పుట్టిన జబ్బు. దానికి మందు లేదు, చక్రమునే మార్చవలెను.

ఉక్కుపై మిగిలిన తుప్పును టానిన్ అను కషాయద్రవ్యము నల్లని స్థిరపదార్థముగా మార్చునని నేటి పరిరక్షకులెఱుగుదురు. మన పెడన కలంకారీ పనివారు ఈ సత్యమును ఏనాడో వస్త్రముపై సాధించిరి: తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో పులియబెట్టి, ఆ ద్రవమును కరక్కాయ రసము పట్టించిన గుడ్డపై అద్దగా చెఱగని నలుపు పుట్టును. కరక్కాయలో నున్నది ఆ టానినే. విగ్రహశిల్పులకు పేరొందిన కొత్తపేటలో లోహమెఱిగిన చేతులకును, ఇట్టి దేశీయ జ్ఞానమునకును కొఱత లేదు.

పెఱికిన కోటిపల్లి మార్గము 2004లో మరల వేయబడినది. లోక్‌సభ సభాపతిగా నుండి అందులకై పాటుపడిన అమలాపురపు ప్రతినిధి జి.ఎం.సి. బాలయోగి 2002లో మరణించుటచే ఆ రైలును చూడలేకపోయిరి. కోటిపల్లినుండి కోనసీమ మీదుగా నరసాపురమునకు 57 కిలోమీటర్ల మార్గముగూడ మంజూరైనది. ఇట్టి మార్గము మనకే ఉండగా, బాగుచేసిన బొమ్మ రైలుకు ఇంటిలో దారి పఱచువారు పరదేశపు మంచుకొండలను కల్పించుకొననేల? సుమారు 45 కిలోమీటర్ల కాకినాడ కోటిపల్లి మార్గమును హార్న్‌బీ పట్టాల కొలతకు, అనగా నలుబదిమూడున్నర వంతులలో ఒక వంతునకు, కుదించినను ఒక కిలోమీటరు దాటును. కావున ద్రాక్షారామపు స్టేషను, ఒక పంటకాలువ వంతెన, కొబ్బరితోట, కోటిపల్లి రేవున పంటు, ఇవి చాలును. ఈ మార్గమున నడచిన ఒంటిపెట్టె రైలుబస్సు చిన్న బల్లపైనను చక్కగా ఇముడును.

పాఠకులకు విన్నపమిది: ఇంట తుప్పుపట్టిన బొమ్మ రైలున్నచో పాత ఇనుముక్రింద అమ్మకుడు, క్రొత్త రంగు పూయకుడు. దాని పేరును, కొలతను, అది మీ యింటికి వచ్చిన వృత్తాంతమును వ్రాసి భద్రపఱచుడు. అటుపిమ్మట దానిని పిల్లలకు నడిపి చూపుడు.